అగేట్ బ్రూచ్‌లో జడ

అమ్మ స్నేహితురాలు ఆలిస్ ఆంటీ చీరకి గుచ్చుకునే బ్రూచ్ చూడగానే నాకు మతి పోయింది. ఎప్పటిదో స్కాట్లాండ్ వెండి, చుట్టూ ఎర్రటివీ బూడిదరంగువీ అగేట్ రాళ్లు, ఒక్కో రాయిలో పొరలు పొరలుగా మబ్బులు! రైల్వేలో పనిచేసిన ఆమె ముత్తాతకి ఎవరో దొరసాని ఇచ్చిందట. పిన్ను విరిగిపోయింది. "నేను బాగుచేయించుకొస్తా ఆంటీ" అని మెట్టుగూడలో వాళ్లింటి నుంచి ఇంచుమించు లాక్కొచ్చాను.

వెనక చిన్న గాజు అర, అందులో సన్నటి జడ. తొమ్మిదేళ్లకే జ్వరంతో పోయిన ఆమె కూతురు హదస్సాది. ఆ పిల్లది ఆంటీకి మిగిలింది అదొక్కటే.

బోయిగూడలో వెండిపని చేసే తిరుమలన్నకి ఆ సంగతి చెప్పడం మర్చిపోయాను.

మర్నాడు అతనే గొప్పగా చెప్పాడు. "ఈ ఎర్ర అకీక్ రాళ్లు మంచిగున్నయ్ చెల్లె. గానీ, లోపల జడ అల్లి పెట్టిండ్రు, చేతబడి! కర్పూరమేసి కాల్చేసిన. బూడిద సుత నాలాల కలిపిన."

ఆంటీకి ఏమని చెప్పను? అతని కత్తెర లాక్కుని నా జుట్టు కొంచెం కత్తిరించి, సన్నగా అల్లాను.

"పాగల్ అయినవా? నీ జుట్టు పెడ్తవా యోగితా?"

"పెట్టేయ్ అన్నా, ప్లీజ్!"

బ్రూచ్ తీసుకెళ్లి ఇస్తే, ఆంటీ అర తెరిచి, జడని చెంపకి ఆనించుకుంది. "ఇది నా బిడ్డది కాదు."

అంతా చెప్పేశాను. ఆమె జడని మళ్లీ అరలో పెట్టింది.

"నాది తీసేస్తా ఆంటీ."

"ఉండనియ్. ఖాళీగుంటె నా బిడ్డెక్కడ కూసుంటది?"

మర్నాడు మధ్యాహ్నం క్లాసులో ఆఖరి బెంచీలో కూర్చుంటే నా జుట్టుని ఎవరో మూడు పాయలు చేశారు. చిన్న వేళ్లు. గట్టిగా లాగారు. వెనక గోడే ఉంది. తడుముకుంటే చెవి పక్కన బిగుతైన జడ. విప్పేశాను. మర్నాడు మళ్లీ. ఆ మర్నాడూ.

నాలుగో రోజు, ఆ జడ విప్పకుండానే, నా జుట్టు వెనక్కి ఇచ్చెయ్యమని అడగడానికి మెట్టుగూడ పరుగెత్తాను. తలుపు తీసిన ఆంటీ నా మొహం చూడనేలేదు. చెవి పక్కనే చూస్తోంది.

"ఎవరల్లిండ్రు?"

"తెలీదు ఆంటీ."

"ఎడమ పాయ మీదికేసి, కొసన రెండు ముళ్లు..." ఆమె ఆ ముళ్లని తడిమి చూసింది. "హదస్సా నా నెత్తి మీద గిట్లనే అల్లుతుండె. నొస్తుందే పిల్లా అంటె, ఇంకా గుంజుతుండె."

చెప్పులు విప్పి, హదస్సాని మళ్లీ అల్లనిద్దామని జడా విప్పి, ఆంటీ కుర్చీ ముందు నేల మీద, ఆమెకి వీపు చేసి కూర్చున్నాను.