భుజమెక్కిన భిన్నం

ఇలా దగ్గరికి జరగండర్రా, ఆ టీవీ కాస్త కట్టేసి. ఇది చీకట్లో జరిగింది కాదు, మిట్టమధ్యాహ్నం జరిగింది. అందుకే తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

రెండువేల తొమ్మిదిలో రాజమండ్రిలో బంగార్రాజు గారి ఆఫీసులో రూబీ అనే పిల్ల పనిచేసేది. కాగితం పుస్తకాలను కంప్యూటర్లో చదువుకునే ఈ-బుక్కులుగా మార్చడం అక్కడి పని. లెక్కల పుస్తకంలో అంకెలు బుద్ధిగా ఒకే వరసలో కూర్చోవు కదా! ఒకటి ఘాతంగా పక్కదాని భుజమెక్కుతుంది, ఒకటి గీత కింద దూరుతుంది. ఏది ఎంత ఎత్తులో ఉండాలో స్టైల్ షీటు అని ఒక ఫైల్లో ఒక్కసారి రాసిపెడితే, చాటింపు విన్న ఊరిలా పుస్తకమంతా వింటుంది.

ఆ శనివారం రూబీ చేతిలో ఉన్నది జ్ఞానప్రకాశం మాస్టారి పుస్తకం. చిన్నప్పుడు ఆమెకు లెక్కలు నేర్పిన మనిషి. నీటికాసులనే కంటిజబ్బుతో ఆయన చూపు చాలావరకు పోయింది. సోమవారం కాకినాడలో ఆపరేషను. ఉన్న చూపైనా నిలుస్తుందని డాక్టరు మాట ఇవ్వలేదు.

"ఆ లోపల నా పుస్తకం పెద్దక్షరాల్లో ఒక్కసారి చదువుకోవాలమ్మా" అన్నారాయన. ఆదివారం చర్చి అయ్యాక తెస్తానని రూబీ మాటిచ్చింది.

ఆ ఆఫీసులో ప్రూఫు ఇద్దరు చూస్తారు. ఒకరు కాగితం ప్రతి చూసి పైకి చదివితే, ఎదుటి కుర్చీలో వాళ్లు స్క్రీన్ మీద చూసి "ఉంది" అనాలి. అనేదాకా ముందుకు పోకూడదు. రూబీకి ఎదురుగా కూర్చునే సత్యకుమారి ఈ పుస్తకం సగంలో ఉండగా విషజ్వరంతో పోయింది. నెల కూడా తిరగలేదు.

అందరూ భోజనాలకి వెళ్లారు. రూబీ అలవాటు కొద్దీ పైకే చదివింది. "పైన ఎక్స్, గీత, కింద రెండు."

"ఉంది."

తలెత్తింది. కుర్చీ ఖాళీ.

"సత్యక్కా?"

లేచి పోదామనుకుంది. కానీ రేపే ఆదివారం. మళ్లీ చదివింది. "ఉంది" అంది అదే గొంతు, కాస్త ముక్కుతో పలికే గొంతు. రూబీ మరి తలెత్తలేదు. పేజీ వెనక పేజీ సాగింది.

నూట పన్నెండో పేజీలో, "ఎక్స్ భుజం మీద పైన మూడు, గీత, కింద ఏడు" అంది. బదులు రాలేదు. మళ్లీ చదివింది. రాలేదు. స్క్రీన్ మీద చూస్తే సరిగ్గానే ఉంది.

బంగార్రాజు గారు వచ్చారు. "ఏంటమ్మా రూబీ, అన్నం మానేసి ఉపవాస ప్రార్థనా?"

"ఇక్కడేదో తప్పుందండి."

ఆయన వంగి చూశారు. "బానే ఉంది కదమ్మా! పంపించెయ్యి."

"సత్యక్క 'ఉంది' అనలేదండి."

ఆయన ఆ కుర్చీ కేసి చూసి, చెప్పులు కూడా వేసుకోకుండా గుమ్మం దిగిపోయారు.

అప్పుడు తట్టింది రూబీకి, మాస్టారు చదివేది పెద్దక్షరాల్లో కదా అని. అక్షరాలు మూడింతలు పెంచింది. గీత కింద ఉండాల్సిన ఏడు కింది వరసలోకి జారిపడింది. మిగతా అంకెలన్నిటికీ అక్షరంతో పాటు పెరిగే కొలతలు రాసింది సత్యకుమారి. భుజమెక్కిన భిన్నానికి మాత్రం, ఆమె పోయాక, రూబీ రాసింది. అంతకుముందు అచ్చాఫీసులో చేసిన పిల్ల. కాగితం మీద అక్షరం పెరగదు కదా, ఆ అలవాటుతో మారని కొలత బిగించేసింది.

ఆ ఒక్క వరస మార్చింది. ఏడు మెల్లగా లేచి గీత కిందికి చేరింది. రూబీ మళ్లీ చదివింది.

"ఉంది."

ఈసారి ఎదుటి నుంచి కాదు, చెవి పక్కనుంచి.

ఆదివారం ఆఫీసు కంప్యూటరు ఆటోలో వేసుకుని రూబీ ఒక్కతే మాస్టారింటికి వెళ్లింది. ఆయన స్క్రీన్ కి ముఖం ఆనించినట్టు కూర్చుని, ఒక్కసారి వెనక్కి తిరిగారు.

"మీరిద్దరూ నిలబడిపోయారేంటమ్మా? కూర్చోండి."

ఆయన చివరి పేజీ దాకా చదివారు. సోమవారం తర్వాత ఆయనకు మరి అక్షరం కనిపించలేదు.

ఆ పుస్తకంలో సత్యకుమారి పేరు ఎక్కడా లేదర్రా. మీరు గుర్తుంచుకోండి. మీ పిల్లలకు చెప్పేటప్పుడు ఆ పేరుతోనే చెప్పండి.