వాసన పల్చబడేదాకా

మైకమ్మకి గొంతు పోయింది.

బస్ స్టేషన్లో పోర్టర్లు పెట్టిన పేరది. అసలు పేరు జీతాల గుమస్తాకి తప్ప ఇంకెవరికీ అవసరం పడలేదు. మేడ మీద అద్దాల గదిలో మైకు ముందు కూర్చుని, ఏ బస్సు ఏ ప్లాట్‌ఫాం మీదికి వస్తోందో చెప్పడం ఆమె పని. ఊళ్లో ఆ గొంతు తెలియనివాళ్లు లేరు. ఆ మనిషి తెలిసినవాళ్లని వెతకాలంటే మాత్రం కాస్త చెమటోడ్చాలి. కూరల కొట్టు దగ్గర ఆమె బేరమాడుతుంటే పక్కనున్నవాళ్లు చటుక్కున తల తిప్పేవారు. ఈ గొంతు ఎక్కడో విన్నామే అన్నట్టు చూసి, ఎంతకీ గుర్తు రాక, మళ్లీ బంగాళాదుంపలు ఏరుకోవడంలో పడిపోయేవారు.

మొదట జలుబే. తర్వాత గొంతు బొంగురుపోయింది. ఆ బొంగురు గొంతుతోనే మంకుపట్టు పట్టి రోజూ డ్యూటీకి వెళ్లింది. చివరికి ఒక ఉదయం మైకు మీట నొక్కి నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. కింద జనం తలెత్తి స్పీకరు పాడైందనుకున్నారు.

స్టేషన్ మేనేజరు చెడ్డవాడు కాదు, అదే చిక్కు. చెడ్డవాడైతే మనసులో నాలుగు తిట్టుకుని ఊరుకోవచ్చు.

"సెలవు తీసుకోమ్మా. సోమవారం నాటికి గొంతు వస్తే నీ కుర్చీ నీదే. రాకపోతే పైవాళ్లు పంపిన రికార్డింగు మిషను ఉండిపోతుంది. ఎన్నాళ్లని ఆపను చెప్పు? నిన్ను టికెట్ల కౌంటర్లో సర్దుతాలే, జీతానికేం ఢోకా లేదు" అన్నాడు.

జీతం సంగతి ఎవరడిగారు? రోజు మొత్తమ్మీద ఆమె మాట్లాడే నాలుగు మాటలూ ఆ అద్దాల గదిలోనే. అది కూడా పోతే ఎలాగన్న భయం గుండెల్లో రాయిలా పడింది. పైకి మాత్రం బుద్ధిగా తల ఊపి మెట్లు దిగింది.

డాక్టరు గొంతులోకి చిన్న అద్దం పెట్టి చూసి, స్వరపేటిక బాగా వాచిందన్నాడు. "మందుల కంటే ముందు నోరు కట్టేసుకోవాలి. గుసగుసలు కూడా వద్దు. మంచినీళ్లు తాగండి, ఆవిరి పట్టండి. మిమ్మల్ని మాట్లాడించొద్దని ఇంట్లోవాళ్లకి గట్టిగా చెప్పండి" అన్నాడు.

దారిలో ఒక పలకా బలపమూ కొంది, ఏదైనా కావాలంటే రాసి చూపించవచ్చని. మొదటి మాట ఆ కొట్టువాడికే రాసి చూపించింది: సంచి ఇవ్వండి. ఇంటికొచ్చి, తాళం తీసి, చెప్పులు విప్పాక గాని రెండో మాట చూపించడానికి మనిషి లేడన్నది తట్టలేదు.

పాపం డాక్టరు, చాలా కఠినమైన పథ్యం పెట్టాననుకున్నాడు. ఇంట్లో నోరు మూసుకుని ఉండటానికి ఆమె కొత్తగా చేయవలసిందేమీ లేకపోయింది. మామూలు రోజుల్లోనూ సాయంత్రం తలుపు మూశాక, మర్నాడు మైకు మీట నొక్కేదాకా ఆ నోట్లోంచి ఒక్క మాటా బయటికి వచ్చేది కాదు. ఇన్నాళ్లూ అలాగే గడుస్తోందని ఇప్పుడు తెలిసొచ్చింది. జలుబు కంటే అది ఎక్కువ బాధపెట్టింది.

అమ్మ పోయి ఏడాది దాటింది. అమ్మ ఉన్నన్నాళ్లూ ఆ ఇంట్లో మాటలకి కరువులేదు. అయితే ఆ మాటలు రోగాల గురించి, లేకపోతే మొక్కల గురించి. పెరట్లో గోడవారగా నీలగిరి చెట్టు ఉంది. దాని నీడన ఏదీ బతకదని మిగిలిన కుండీలన్నీ వంటింటి మెట్ల మీదికి చేర్చింది అమ్మ. కడుపుబ్బరానికి పుదీనా, దగ్గుకి వామాకు, ఒళ్లునొప్పులకి నిమ్మగడ్డి కషాయం, ముక్కుదిబ్బడకి నీలగిరి ఆవిరి. నీలగిరి నూనె సీసా మాత్రం ఎవరికీ అందకుండా పై అరలో దాచేది. అది వాసన చూడటానికే గాని నోట్లోకి పోతే విషమని, సీసా దించిన ప్రతిసారీ మొదటిసారి చెబుతున్నట్టే చెప్పేది. జబ్బు తగ్గితే పేరు మొక్కకి. తగ్గకపోతే సరిగ్గా పీల్చలేదని తిట్లు కూతురికి.

ఆవిరి పట్టించడంలో అమ్మకి ఒక పద్ధతి ఉండేది. నీళ్లు మరిగించి, పొయ్యి కట్టేసి, నలిపిన నీలగిరి ఆకులు వేసి, గిన్నెని స్టూలు మీద పెట్టేది. కూతుర్ని దాని ముందు కూర్చోబెట్టి పెద్ద దుప్పటి కప్పేది. లోపలున్నవాళ్లు నోరు విప్పకూడదు. బాగానే ఉంటే స్టూలు మీద ఒకసారి కొట్టాలి, వేడి మరీ ఎక్కువైతే రెండుసార్లు. అమ్మ బయట కూర్చుని, దుప్పటి మీదుగా వెన్నున చేయి ఆనించి ఉంచేది. గడియారం వంక చూసేది కాదు. దుప్పటి సందుల్లోంచి వచ్చే నీలగిరి వాసనని పట్టుకుని కూర్చునేది. అది పల్చబడగానే వెన్ను తట్టి, "చాల్లే, ఇంక లే" అనేది.

"చిన్నపిల్లనా? అయిపోయాక నేనే లేస్తాగా" అని కూతురు ఒకసారి విసుక్కుంది.

"నీకెలా తెలుస్తుందే? లోపలున్నవాళ్ల ముక్కు కాసేపటికి ఆ వాసనకి అలవాటుపడిపోతుంది. ఉందో పోయిందో బయటున్నవాళ్లకే తెలుస్తుంది" అంది అమ్మ.

సెలవు పెట్టిన సాయంత్రమే పెరట్లోకి వెళ్లి, అందిన కొమ్మ వంచి గుప్పెడు ఆకులు కోసుకొచ్చింది. అంతా అమ్మ చేసినట్టే చేసి దుప్పటి కప్పుకుంది. అలవాటు కొద్దీ స్టూలు మీద ఒకసారి కొట్టింది. వెన్ను మీద చేయి లేదు, సరే, అది తెలిసిందే. కళ్లు మూసుకుని పీలుస్తూ కూర్చుంది. చాలాసేపటికి వేలు ముంచి చూస్తే నీళ్లు చల్లారిపోయాయి, ఆకులు గిన్నె అడుక్కి దిగిపోయాయి. రోజూ అంతమందిని బస్సులెక్కించి సాగనంపే మనిషి, తనని లేవమని ఎవరో ఒకరు చెప్తారని చన్నీళ్ల గిన్నె ముందు కాచుకుని కూర్చుంది.

మర్నాడు తెలివిగా అలారం పెట్టుకుంది. అది చెవి పక్కనే ఒక్కసారిగా గోలపెట్టేసరికి ఉలిక్కిపడి గిన్నె ఒలకబోసుకుంది. మోకాలు చురుక్కుమంది. అరవడానికి కూడా గొంతు లేకపోయె.

ఆదివారం పొద్దున తమ్ముడు ఫోన్ చేశాడు. పక్క ఊళ్లోనే ఉంటాడు, వారానికోసారి తప్పకుండా పలకరిస్తాడు, ఆ మాత్రం మంచివాడే. ఫోన్ ఎత్తి, దాని మీద గోటితో ఒకసారి కొట్టింది.

"అక్కా? హలో... వినబడుతోందా?"

మళ్లీ కొట్టింది.

"సిగ్నల్ లేనట్టుంది. బాగున్నావుగా? సరేలే, మళ్లీ చేస్తా."

ఈసారి రెండుసార్లు కొట్టింది. అప్పటికే పెట్టేశాడు. వాడూ చిన్నప్పుడు ఆ దుప్పటి కింద కూర్చున్నవాడే. మర్చిపోయాడు. గొంతు బాగాలేదని మెసేజ్ పెడితే, జాగ్రత్త అక్కా అని ఒక పువ్వు బొమ్మ వచ్చింది.

మధ్యాహ్నం ఇంక ఇంట్లో ఉండలేక, తల మీదుగా శాలువా కప్పుకుని బస్ స్టేషన్‌కి బయల్దేరింది. తన కుర్చీలో కూర్చున్నదెవరో ఒకసారి వినాలనిపించింది. సామాన్ల గది పక్కన బెంచీ మీద, ఊరెళ్లే మనిషిలా కూర్చుంది.

మిషను గొంతు బాగుంది. ఒప్పుకోక తప్పదు. తేనె పూసినట్టుంది, దగ్గు లేదు, తడబాటు లేదు. జనం మామూలుగానే బస్సులెక్కుతున్నారు, ఎవరికీ ఏ లోటూ లేదు. ఎవరో ఒకరు తలెత్తి పాతావిడ ఏదీ అని అడుగుతారని ఆశపడి వచ్చిందని, ఆశ నీరుగారిపోయాక గాని ఆమెకే తెలియలేదు.

అంతలో చంకలో పిల్లతో, చేతిలో మూటతో ఒకావిడ పరుగెత్తుకుంటూ వచ్చింది. మూడో ప్లాట్‌ఫాం బస్సు ఆమె కళ్ల ముందే గేటు దాటిపోయింది. మిషను ప్రయాణికులందరికీ తియ్యగా ధన్యవాదాలు చెప్పింది.

బెంచీకి ఆ చివర కూర్చున్న ముసలి పోర్టరు పక్కవాడితో అన్నాడు: "మైకమ్మయితే ఆపించేదిరా. పైనుంచి అంతా కనబడుతుందిగా. 'డ్రైవరుగారూ, ఒక్క క్షణం' అనేది. దీనికి కళ్లేవీ?"

"ఆవిడేమైంది?"

"గొంతు పోయిందట. ఇల్లెక్కడో తెలిస్తే ఓసారి చూసొద్దును. ఎవర్నడిగినా తెలీదంటారు."

ఆమె సంచిలోంచి పలక తీసి, నేనే అని రాసింది. రాసి, కాసేపు చూసుకుంది. గొంతు లేకుండా నేనే మైకమ్మనంటే పిచ్చిదనుకోరూ? శాలువా కొంగుతో తుడిచేసి లేచింది. పోర్టరు కాళ్లు పక్కకి జరిపి దారిచ్చాడు.

ఆ సాయంత్రం నీళ్లు కాచేటప్పుడు ఆమెకి పెద్ద ఆశలేవీ లేవు. ఆకులు నలిపి వేసింది. దుప్పటి కప్పుకుంది. స్టూలు మీద ఒకసారి కొట్టింది. నీలగిరి ఘాటు ముక్కులో, గొంతులో, కళ్లలో నిండి, కాసేపటికి ఉందో లేదో తెలియకుండా పోయింది. రేపు టికెట్ల కౌంటరు. కన్నంలోంచి వచ్చే చేతులు, వెళ్లే చేతులు. పిల్లనెత్తుకుని పరుగెత్తే మనుషులు అక్కణ్ణించి కనబడరు. ఏడుపొచ్చింది. ఎవరు చూడొచ్చారు, ఏడ్చింది.

నీళ్లు చల్లబడుతున్నాయి. చెప్పేవాళ్లు లేరు, తెలుస్తూనే ఉంది. అయినా లేవలేదు.

"చాల్లే, ఇంక లే."

అమ్మ. అదే గొంతు, అదే గరుకు, అదే విసుగు. వెన్ను జలదరించి, దుప్పటి విసిరేసి వెనక్కి తిరిగింది. వంటింట్లో ఎవరూ లేరు. తలుపు తీసే ఉంది, మెట్ల మీద కుండీలున్నాయి. ఆ మాట అన్నది తన నోరేనని, తన గొంతు అమ్మ గొంతై తిరిగొచ్చిందని అప్పుడర్థమైంది.

"డ్రైవరుగారూ, ఒక్క క్షణం" అని మెల్లగా అని చూసింది. వచ్చింది. గరుకుగా, ముసలిగా, కాని ప్రతి అక్షరం తెలిసేలా వచ్చింది. మైకు ముందు ఈ గొంతు చాలు. కుర్చీ దక్కింది.

ఎవరికైనా చెప్పాలనిపించి చుట్టూ చూసింది. పలక బల్ల మీద ఖాళీగా ఉంది. దుప్పటి తీసి మళ్లీ కప్పుకుని, చల్లారిపోయిన గిన్నె ముందు కూర్చుని, స్టూలు మీద ఒకసారి కొట్టింది.