బర్మా టేకు దూలం

మునిరామయ్యకు చిత్తూరులో మామిడి మండీ ఉంది, తాత కట్టించిన పాత మిద్దె ఇల్లూ ఉంది. ఆయన ఎక్కువగా మాట్లాడేది మాత్రం ఇంటి గురించే. ఎవరొచ్చినా మంచినీళ్లు ఇచ్చేలోపే తల పైకెత్తి దూలాలు చూపించేవాడు.

"బర్మా టేకు. మా తాత రంగూను నుంచి ఓడలో మద్రాసుకు తెప్పించి, ఆడినుంచి బండ్ల మింద తోలించినాడు. ఇంకా నూరేండ్లు కదలవు."

కింది భాగాన్ని జయచంద్ర అనే ఆయనకు అద్దెకిచ్చి, మునిరామయ్య, భార్య పంకజాక్షి పైన ఉండేవాళ్లు. జయచంద్ర కింద టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపేవాడు. పైన స్నానాల గది సరిగ్గా ఆయన నాలుగో మిషను నెత్తిన ఉంది. దాని నేల కూడా దూలాల మీద దంతెలనే సన్న కట్టెలు, వాటి మీద ఇటుకలు పరిచి సున్నం పోసిందే. రెండేళ్లుగా నాలుగో మిషను మీద చుక్కచుక్కగా నీళ్లు కారుతున్నాయి.

"అన్నా, ఒకసారి దిగొచ్చి సూడండి" అని జయచంద్ర బతిమాలితే, "వానలకు చెమ్మ ఎక్కిందప్పా, ఎండలొస్తే ఆరిపోతాది" అనేవాడు మునిరామయ్య. ఎండలొచ్చాక కూడా అదే మాట చెప్పాడు. కిందికి దిగి చూసింది లేదు.

తొంభై ఏడు ఆగస్టులో ఒకరోజు పొద్దున పంకజాక్షి తడి తలతో బయటికొచ్చి, "ఇంక నేను ఆ గదిలోకి పోను. నేల ఊగతా ఉండాది. చెంబు పెడితే దానంతటదే జరిగి గోడ కాడికి పోతా ఉండాది" అంది.

"బర్మా టేకు ఊగతాదా ఏమే?" అని మునిరామయ్య పంచె ఎగగట్టి లోపలికి వెళ్లాడు. "యాడ ఊగతా ఉండాది? ఈడా?" అని ఒక తన్ను తన్నాడు. ఏమీ కాలేదు. "ఆడా?" అని ఇంకోటి తన్నాడు. కాస్త సున్నం రాలిన చప్పుడైంది. "సూడు, రాయి మాదిరి ఉండాది" అంటూ మూడోసారి బలంగా తన్నాడు.

కుడికాలు తొడదాకా దిగబడిపోయింది.

కింద ఆ సమయానికి ఆరుగురు అమ్మాయిలు పరీక్షకు సాధన చేస్తున్నారు. నాలుగో మిషను ముందు ఎవరూ కూర్చోకపోవడం ఒక్కటే అదృష్టం. ముందు సున్నం పెళ్ల పడింది, తర్వాత రెండు ఇటుకలు పడ్డాయి, ఆ వెనకే కాలు వచ్చింది. టకటకలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. జయచంద్ర వచ్చి ఆ కాలిని కాసేపు చూశాడు. చెప్పులేని పాదం, మడమ మీద పగుళ్లు, గాలిలో తన్నుకుంటోంది.

"అన్నా, మీరేనా?" అని అడిగాడు.

అమ్మాయిల్లో ఒకరు ఆపుకోలేక కిసుక్కుమన్నారు. అప్పుడు పైనుంచి వినబడింది మునిరామయ్య గొంతు: "ఏం లేదప్పా! మీరు టైపు కొట్టుకోండి!"

"కిందినుంచి తొయ్యమంటారా, పైనుంచి లాగతారా?"

కింద జయచంద్ర పాదం పట్టుకుని తోస్తే, పైన పంకజాక్షి చంకల కింద చేతులేసి లాగింది. కాలు బయటికొచ్చింది. మోకాలు గీరుకుపోయింది. పంకజాక్షి పసుపు అద్ది వంటింట్లోకి వెళ్లిపోయింది. తిట్టి ఉంటే ఆయనకు కాస్త తేలికగా ఉండేది.

మరునాడు చిన్నబ్బ మేస్త్రి వచ్చాడు. సున్నం తవ్వి, ఇటుకలు తీసి, కింద ఉన్న దూలంలోకి గునపం మొన గుచ్చాడు. నానిన అటుకుల్లోకి వేలు దిగినట్టు దిగింది. గోడ దగ్గర ఇంకా గట్టిగా ఉన్న కొసను కోసి, వాసన చూసి, తిప్పి చూశాడు.

"అన్నా, ఇది టేకు కాదు. మామిడి."

"ఏం మామిడప్పా?"

"మామిడి కట్టెన్నా. నల్లరంగు కొట్టినారు."

మునిరామయ్య ఆ ముక్కను తువ్వాలులో చుట్టి, కుంటుకుంటూ స్కూటరెక్కి కోత మిల్లుకు వెళ్లాడు. కొత్త మిల్లు, యజమానికి ఆయనెవరో తెలియదు. ముక్కను ఒక్కసారి చూసి పక్కన పెట్టేశాడు.

"మామిడి. దీంట్లో సందేహమేముండాది?"

"బాగా సూసి సెప్పప్పా."

"నమ్మకం లేకపోతే మామిడి మండీకి పోయి ఎవురినన్నా అడుగు పెద్దాయనా. ఆళ్లకు తెలుస్తాది."

మునిరామయ్య ముక్కను మళ్లీ తువ్వాలులో చుట్టుకుని తిరిగొచ్చాడు. ఏం చెప్పారని పంకజాక్షి అడిగింది. "ఇనుప గడ్డర్లు వెయ్యమన్నారు" అన్నాడు. "హాల్లో దూలం కూడా రవ్వంత గీకి సూసేదా అన్నా?" అని చిన్నబ్బ అడిగితే, "వద్దు!" అని అరిచినంత పని చేశాడు.

పని జరిగినన్నాళ్లూ స్నానానికి కిందికి దిగక తప్పలేదు. అమ్మాయిలు రాకముందే, తెల్లారీ తెల్లారకనే, సబ్బుపెట్టె పట్టుకుని జయచంద్ర పెరట్లోకి వెళ్లేవాడు. దారిలో నాలుగో మిషను. మొదటిరోజు అక్కడే నిలబడిపోయాడు. కన్నం చుట్టూ కప్పు మీద గోధుమరంగు మరక ఎద్దు చర్మమంత పరుచుకుని ఉంది. మిషనుకు ప్లాస్టిక్ గుడ్డ కప్పి ఉంది, చుట్టూ మూడు గిన్నెలు పెట్టి ఉన్నాయి. రెండేళ్లుగా జయచంద్ర రోజూ వాటిని పారబోసి మళ్లీ పెడుతున్నాడన్నమాట.

జయచంద్ర లోపలినుంచి వస్తే, మునిరామయ్య ముఖం చూడలేక గుడ్డ ఎత్తి మిషను కమ్మీలు తడిమాడు. తుప్పు వేలికి అంటింది.

"దీన్ని నేను బాగు చేయిస్తానప్పా" అన్నాడు. వేలు పంచెకు తుడుచుకుంటూ, "నేను ముందే దిగొచ్చి సూడాల్సింది" అన్నాడు.

"పోనీలేన్నా. మీ కాలైనా ముందొచ్చి సూసింది" అన్నాడు జయచంద్ర. ఇద్దరూ నవ్వుకున్నారు. మునిరామయ్య కొంచెం ఆలస్యంగా నవ్వాడు.

గడ్డర్లు ఎక్కాయి, వాటి మీద కడప బండలు పడ్డాయి, వాలు చక్కగా తూము వైపు తిరిగింది. పది రోజులు తడిపి ఆరనిచ్చాక చిన్నబ్బ బిందెడు నీళ్లు కుమ్మరించి చూపించాడు. ఒక్క చుక్క నిలవలేదు, కింద ఒక్క చుక్క రాలలేదు.

పంకజాక్షి బట్టలు తీసుకుని లోపలికెళ్లి గడియ వేసుకుంది. మునిరామయ్య మండీకి వెళ్లకుండా తలుపు బయటే నిలబడ్డాడు. నీళ్ల చప్పుడు ఎంతసేపటికీ ఆగలేదు. పావుగంటైంది, అరగంటైంది.

"పంకజా, ఉండావా?"

"ఉండా! యాడికి పోతాను?" అని లోపలినుంచి వినబడింది. "వేణ్ణీళ్లు అయిపోయినాయి. ఇంకో బిందె తెచ్చి పెట్టండి."

మునిరామయ్య కాలు ఇంకా కొంచెం కుంటుతూనే ఉంది. పంచె ఎగగట్టి వంటింట్లోకి నడిచాడు.