కాలర్ ముడత

చొక్కా ఇస్త్రీలో ముందు చెయ్యాల్సింది కాలర్. "కాలర్‌లో ముడతుంటే మగాడి పరువు పోతుంది" అనేవాడు మా ఆయన. పరువంతా ఆ వేలెడు గుడ్డలోనే దాచుకున్నాడు మరి! ఒకరోజు ముడత పోలేదని అదే ఇస్త్రీపెట్టె నా మోచేతి కింద ఆనించాడు. "పనిలో కాలిందండీ" అని డాక్టరుతో చెప్పింది మా అత్తయ్య. నేనూ తలూపాను. రెండోసారి చెయ్యెత్తినప్పుడు ఊపలేదు, కోర్టుకెళ్ళాను. ఆయన ఈ ఇంటి ఛాయలకు రాకూడదని జడ్జిగారు రక్షణ ఉత్తర్వు ఇచ్చారు.

అయినా ఇవాళ ఇస్త్రీ చేస్తున్నది ఆయన చొక్కాలే. "వాడికి ఆఫీసుకి వేసుకోడానికి మంచి చొక్కా లేదమ్మాయ్, నేనొచ్చి పట్టుకెళ్తా" అని అత్తయ్య ఫోన్ చేస్తే, నోరు కాదనేలోపే చేతులు పనిలో దిగిపోయాయి. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. పెళ్ళితో వచ్చిన బుద్ధి దేనితో పోతుందో! నా మీద నాకే ఒళ్ళు మండింది.

అత్తయ్య వచ్చి కుర్చీ అంచున కూర్చుంది. మాటిమాటికీ తలుపు వైపు చూస్తోంది. అప్పుడు వినిపించింది, బయట మెట్ల మీద, ఆయన గొంతు సవరించుకోవడం.

"వాడేనే. ఒక్కసారి మాట్లాడతాడట. మేం పడలేదా? మొగుడూ పెళ్ళాల మధ్య కోర్టులేంటి, నలుగురూ నవ్విపోతారు" అంటూ అత్తయ్య లేచి గడియ మీద చెయ్యి వేసింది.

"తియ్యవే" అన్నాడు బయటి నుంచి, మెత్తగా. చెయ్యి కాల్చిన రోజు కూడా "ఇటు రా" అని ఇంతే మెత్తగా పిలిచాడు.

పక్కనున్న ఫోన్ తీసి పోలీసుల నంబరు నొక్కాను. అవతల మోగుతోంది.

"అత్తయ్యా, ఆయన ఇక్కడికి రావడమే నేరం. లోపలికొస్తే జైలే. ఈసారి పనిలో కాలిందని పోలీసులకి చెప్పలేరు. కొడుకుని జైలుకి పంపింది మీ చెయ్యే అవుతుంది."

"అంత మాటా!" అంది. గడియ మీద చెయ్యి మాత్రం ఆగిపోయింది. తలుపుకి నుదురు ఆనించి, "ఒరేయ్, వెళ్ళిపోరా" అంది.

"అమ్మా!"

"పొమ్మన్నానా!"

చెప్పుల చప్పుడు మెట్లు దిగింది. అత్తయ్య చెంగుతో మొహం తుడుచుకుంది. "పోయాడుగా. ఇంక ఆ ఫోన్ పెట్టెయ్యవే తల్లీ. గడప తొక్కలేదుగా వాడు."

పెట్టెయ్యలేదు. ఇవాళ గుమ్మం దాకా వచ్చినవాడు రేపు ఎవరూ లేనప్పుడు వస్తాడు. "చెప్పండమ్మా" అంది అవతల ఆడగొంతు.

"రక్షణ ఉత్తర్వు ఉందండీ నాకు. మా ఆయన ఇప్పుడే తలుపు దాకా వచ్చి వెళ్ళాడు. ఫిర్యాదు రాసుకోండి." అడ్రసుతో సహా అంతా చెప్పాను.

తర్వాత ఇస్త్రీపెట్టె ఆపి, ముడతలు పోని చొక్కాలన్నీ అలాగే సంచిలో కుక్కి అత్తయ్య చేతిలో పెట్టాను.

"ఇవి ఆయన్నే చేసుకోమనండి. ముందు కాలర్ చెయ్యాలి. ఆయనకి తెలుసు."