ఆగిన చెయ్యి

నేను ఒక నల్లరాతి ఆడమనిషిని. ఓ చిన్న ఊళ్లో, గ్రంథాలయం మెట్ల పక్కన కూర్చుని ఉంటాను. వచ్చేపోయేవాళ్లు నన్ను చదువుల తల్లి అనుకొని చెప్పులు విడిచి దణ్ణం పెడతారు. పరీక్షలప్పుడైతే మరీను. నిజానికి నాకు అక్షరం ముక్క రాదు. నేను బీడీలు చుట్టేదాన్ని. నా ఒళ్లో ఉన్న సిమెంటు పుస్తకం నాది కాదు. అదెలా వచ్చిందో చెప్పుకోకపోతే నా మనసు కుదుటపడదు.

ఈ ఊళ్లో నరహరి అనే రచయిత ఉండేవాడట. బతికుండగా ఆయనకు కుర్చీ వేసినవాళ్లు లేరు. పోయాక మాత్రం గ్రంథాలయానికి ఆయన పేరు పెట్టారు, విగ్రహ కమిటీ వేశారు, దానికి జనార్దన్ రావుగారు అధ్యక్షుడయ్యారు. నరహరి రాసినది ఆయన ఒక్క పేజీ చదవలేదు, అభిమానం మాత్రం పొంగి పొర్లేది. "కళ్లజోడు, భుజాన శాలువా, చేతిలో కలం" అని శిల్పి ఉపేందర్‌కు పురమాయించారు.

ఇవన్నీ నాకెలా తెలుసంటారా? చెక్కుతున్నంతసేపూ ఉపేందర్ నాతో మాట్లాడుతూనే ఉండేవాడు. నరహరి ముఖం ఎలా ఉండేదో తెలుసుకుందామని ఊరంతా తిరిగి, చివరికి పోసవ్వ అరుగు మీద కూలబడ్డాడట. పోసవ్వ బీడీలు చుట్టే ముసలామె.

"ఆయన మొకం నాకెర్కలేదు బిడ్డా, ఆయన రాసిన కథ ఎర్కే" అందట ఆమె. "మా బీడీల కార్ఖానల సదువొచ్చింది నాకొక్కదానికే. వారం వారం పత్రిక దెచ్చి నేను సదువుతుంటే, నా వంతు బీడీలు అందరు గల్సి చుట్టేటోళ్లు. ఒకనాడు సదువుతుండంగ మా రాజవ్వ చెయ్యి ఆగింది."

బీడీలు చుట్టే చెయ్యి ఊరికే ఆగదు. పక్కన పిల్ల ఏడ్చినా ఆగదు, ఆగితే కూలి పోతుంది. రాజవ్వ మొగుడు కొట్టిన దెబ్బల మీద కొంగు కప్పుకొని పనికొచ్చే మనిషి. ఆ రోజు నరహరి కథలో ఏదో ఒక మాట చెవిన పడగానే ఆమె వేళ్ల మధ్య తునికాకు సగం చుట్టుకొని ఆగిపోయింది. పక్కవాళ్లు మోచేత్తో పొడిచినా ఉలకలేదు. పొద్దుగూకాక తన ఇంటి దారి పట్టలేదు, తంబాకు చాట చంకన పెట్టుకొని పోసవ్వ వెనకాలే వచ్చేసింది. దగ్గు పట్టి రాజవ్వ పోయేదాకా ఇద్దరూ ఒక్క ఇంట్లోనే బతికారు. ఆమె ఫోటో ఒక్కటీ లేదు.

అది విన్నాక ఉపేందర్‌కు నరహరి ముఖంతో పని లేకపోయింది. ఒక మాటకు ఎంత బలం ఉంటుందో ఆ చేతిలో చూపించాలనుకున్నాడు. ఒళ్లో తంబాకు చాట, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సగం చుట్టిన ఆకు, కాస్త పక్కకు తిరిగిన తల. పెదవులు గట్టిగా మూసి చెక్కాడు, వినే మనిషికి నోటితో పనేముందని. పోసవ్వ వచ్చి కూర్చునేది. "ముక్కు గంత సూటిగ లేకుండె" అని దిద్దించేది. ఒకరోజు నన్ను చూసి దగ్గరికొచ్చింది. నా చెంప మీద చెయ్యి వేసి భోరున ఏడ్చింది. అప్పుడు నాకు తెలిసింది నేను ఎవరినో.

జనార్దన్ రావుగారు పని చూడ్డానికి ఒక్కసారే వచ్చారు, నేను సగం బండలో ఉన్నప్పుడు. కొంగును శాలువా అనుకున్నారు, చాటను సన్మానం పళ్లెం అనుకున్నారు. బ్రహ్మాండం అని వెళ్లిపోయారు.

ఆవిష్కరణ రోజున ముఖ్య అతిథి ముసుగు లాగగానే మొదలైన చప్పట్లు మధ్యలోనే చల్లారాయి. "నరహరిగారేరయ్యా?" అన్నారు అధ్యక్షులు. "ఆయన మాట ఈమె చేతిలో ఉంది సార్, ఆ చెయ్యి చూడండి" అన్నాడు ఉపేందర్. "నాకు తంబాకు కనబడుతోంది" అన్నారాయన. ఊరు నవ్వింది. చాట తీసేసి పుస్తకం పెట్టమన్నారు. ఉపేందర్ ససేమిరా అన్నాడు. అయితే మేస్త్రి దొరకడా?

మేస్త్రి సుత్తె పట్టుకొచ్చిన రోజున పోసవ్వ వచ్చి నాకు అడ్డంగా కూర్చుంది. "అది మా రాజవ్వ ఒడి. ముట్టకుర్రి" అంది. జనార్దన్ రావుగారు చెడ్డవారేం కాదు. "సరే అవ్వా, ఆమె చెయ్యి ఆపిన ఆ మాటేదో చెప్పు. కింద పలక మీద చెక్కిస్తా, చాట కూడా ఉంచుతా" అన్నారు.

పోసవ్వ నోరు తెరిచింది. కళ్లు మూసుకుంది, కొంగు నలిపింది. "నోట్లెనే ఉన్నది సారూ, వస్తలేదు" అంది. ఎవరో లోపలికి వెళ్లి బీరువాలు వెతికారు. నరహరి పేరున్న గ్రంథాలయంలో నరహరి రాసిన కాగితం ఒక్కటీ లేదు. "మాట యాదికి లేదు. దాని చెయ్యి ఆగింది యాదికున్నది. గది సాలదా?" అని బతిమాలింది.

చాలలేదు. చాట ముక్కలై నేల రాలింది. పోసవ్వ ఆ ముక్కలన్నీ కొంగులో ఏరుకొని వెళ్లిపోయింది. నాకు పుస్తకం అతికించి బంగారు రంగు పూశారు. వేళ్లను మాత్రం మేస్త్రి ముట్టుకోలేదు, అదేదో దేవతల ముద్ర అనుకున్నాడు పాపం.

ఆ తర్వాత ఒక ఆదివారం, ముసురు పట్టిన మధ్యాహ్నం, పోసవ్వ కర్ర పొడుచుకుంటూ వచ్చింది. మెట్లెక్కి చూసి, తాళం వేసి ఉంటే మళ్లీ దిగింది. నా వేళ్లు పట్టుకొని చెవి దగ్గర నోరు పెట్టి, "రాజవ్వా, యాదికొచ్చిందే" అంది. కథలో మొగుడు గడపకు అడ్డం నిలబడి ఎక్కడికి పోతున్నావని అడుగుతాడట. ఆమె అంటుందట: "ఎక్కడికో తెలిస్తే ఎప్పుడో పోయేదాన్ని."

అంతే మాట. రెండుసార్లు చెప్పి, మళ్లొస్తానని వెళ్లింది. ఇక రాలేదు. ఆమెకు ఏమైందో నాతో ఎవరూ చెప్పలేదు.

కింద పలక ఖాళీగానే ఉంది. నిన్న ఒకామె పిల్లాణ్ని చంకనేసుకొని వచ్చి, వాడికి చదువు రావాలని నా ముందు కొబ్బరికాయ కొట్టింది. వంగినప్పుడు కొంగు జారింది. భుజం మీద కమిలిన దెబ్బలు. గబుక్కున కప్పుకొని, ఇంకేదో అడగబోయి, నా ముఖం వంక చాలాసేపు చూసింది. ఆమెకు కావలసిన మాట నా చెవిలో ఉంది. ఉపేందర్ నా పెదవులు మూసి చెక్కాడు.