పుల్లయ్య గారి చదువు

గురజాల దగ్గర ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ధరణి తెలుగు చెప్పేది. ఆ ఏడు వార్షికోత్సవానికి ముఖ్య అతిథిగా పుల్లయ్య వస్తున్నాడనీ, ఆయన గురించి ఒక పేజీ రాసి వేదిక మీద చదవాలనీ ప్రిన్సిపాల్ బెంజిమిన్ గారు ఆమెకు అప్పజెప్పారు.

పుల్లయ్యను ఆ చుట్టుపక్కల ఎరగనివాళ్లు లేరు. దాచేపల్లి వైపు సున్నపురాయి క్వారీలు, క్రషర్లు, లారీలు, హైదరాబాదులో రెండు హోటళ్లు. మైకు ఎవరిచ్చినా ఆయన మొదటి మాట ఒకటే: "నేను టెన్త్ ఫెయిల్. నా కింద నలభైమంది ఇంజనీర్లు పనిచేస్తున్నారు." ఆ వీడియో చూసి ధరణి క్లాసులోనే ముగ్గురు టీసీలు తీసుకుని వెళ్లిపోయారు.

వివరాల కోసం ఆమె క్వారీ ఆఫీసుకు వెళ్లింది. అరవై దాటిన మనిషి. తెల్ల పంచె, మోచేతుల దాకా మడిచిన చొక్కా. కూర్చోబెట్టి టీ తెప్పించాడు. ఏదడిగినా వీడియోలో చెప్పిందే మళ్లీ చెప్పాడు. ఇంతలో ఒక ఇంజనీరు వచ్చి సున్నపురాయి శాంపిల్ ల్యాబ్ రిపోర్టు టేబుల్ మీద పెట్టాడు. నాలుగు పేజీల ఇంగ్లీషు. పుల్లయ్య ధరణితో మాట్లాడుతూనే రెండో పేజీ తిప్పి ఒకచోట వేలు పెట్టాడు.

"మెగ్నీషియా ఇంత ఎట్టా వచ్చింది? శాంపిల్ పై పొరలోనే తీశారా? కిందికి పోయి మళ్లీ తీయండి."

ఇంజనీరు వెళ్లిపోయాక ధరణి ఆయన్నే చూస్తూ ఉండిపోయింది. ఆమె చూపు ఆయన కనిపెట్టాడు.

"పాతికేళ్లు ఇదే కాగితం చూస్తుంటే వచ్చేసిద్దమ్మా" అన్నాడు. ఆ తర్వాత మాత్రం రిపోర్టును సొరుగులో పెట్టేశాడు.

దాచాల్సిన పనేముందని ఆమె బస్సులో కూర్చున్నంతసేపూ ఆలోచించింది. ఇంటికి రాగానే తల్లిని అడిగింది. శేషమ్మ వరండాలో మిరపకాయల తొడిమలు తీస్తోంది.

"అమ్మా, పుల్లయ్యకు నిజంగా చదువు రాదా?"

"ఎక్కడొచ్చు? మన రాళ్ల చేను కొన్నప్పుడు అగ్రిమెంటు మీ నాన్న చేతే చదివించుకున్నాడు. 'అన్నా, నాకు అచ్చరమ్ముక్క రాదు, నువ్వే చదివి చెప్పు' అని ఇదిగో ఇక్కడే కూర్చున్నాడు. చదువురానోడు మనల్నేం మోసం చేస్తాడులే అని మీ నాన్న ఇచ్చేశాడు. ఊళ్లో ఆరుగురం ఇచ్చాం. పంటలేని చేలు కొంటున్నాడు, చానా పిచ్చోడని నవ్వుకున్నాం కూడా."

ఆ చేలల్లోనే ఇప్పుడు క్వారీ ఉంది.

ధరణి బీరువాలోంచి పాత అగ్రిమెంటు తీసింది. కింద రెండు సంతకాలు. చనిపోయిన తండ్రిది తెలుగులో, అక్షరానికీ అక్షరానికీ మధ్య ఆగి ఆగి రాసింది. పుల్లయ్యది ఇంగ్లీషులో, కలం ఎత్తకుండా ఒక్క ఊపులో సాగిపోయింది. పాతికేళ్లుగా ఆ కాగితం ఇంట్లోనే ఉన్నా ఎవరూ దాన్ని అలా చూడలేదు.

ఆమె స్నేహితురాలు దీపిక విశాఖపట్నంలో యూనివర్సిటీ లైబ్రరీలో పనిచేస్తుంది. రాళ్ల పొరల గురించి చదివేది జియాలజీలోనే కదా, అప్పట్లో అందుకు ఎక్కువగా అక్కడికే వెళ్లేవాళ్లు, పాత బ్యాచిల ఫొటోల్లో పుల్లయ్య ఉన్నాడేమో చూడమని ధరణి ఆమెకు ఫోన్ చేసింది. మూడోనాడు ఒక ఫొటో వచ్చింది. ఎమ్మెస్సీ జియాలజీ, పందొమ్మిది వందల ఎనభై ఆరు. పద్నాలుగు మంది. రెండో వరసలో బక్కపల్చటి కుర్రాడు, కింద పుల్లయ్య పేరు.

"క్లాసు ఫస్టంట" అంది దీపిక ఫోన్లో. "ఇక్కడ రిటైరైన సారొకాయన గుర్తుపట్టారు. మిగతా పదముగ్గురూ ఉద్యోగాలు చేసుకుని పెన్షన్లు తీసుకుంటున్నారంట. ఇంత సంపాదించింది ఈయనొక్కడే."

వార్షికోత్సవం రోజు పుల్లయ్య ప్రిన్సిపాల్ గదిలో ఒంటరిగా కూర్చుని ఉన్నప్పుడు ధరణి ఫోన్ ఆయన ముందు పెట్టింది. ఆయన ఫొటోను పెద్దది చేసి చాలాసేపు చూశాడు.

"టెన్త్ ఫెయిలయిన మాట నిజం" అన్నాడు. "సెప్టెంబర్లో రాసి పాసయ్యా. ఆ తర్వాత ఏం చేశావని నన్నెవరూ అడగలేదు."

"మా నాన్నతో అక్షరం రాదన్నారు."

"చదువుకున్నోడు వచ్చి రాళ్ల చేను అడిగితే, ఎందుకయ్యా అంటారు. నాలుగు చోట్ల కనుక్కుంటారు. నేను అట్టా పోయినట్టయితే మీ నాన్న ఇచ్చేవాడా?"

"ఇప్పుడింకా ఎందుకు దాస్తున్నారు? పిల్లలు కాలేజీ మానేస్తున్నారు."

"నా కొడుకు మానలేదులే" అన్నాడాయన. "నీ కాంట్రాక్టు జూన్ దాకే కదూ. పొడిగించమని ప్రిన్సిపాల్‌తో నేను మాట్లాడతా. ఆ పేజీలో ఉన్నదేదో అట్టాగే చదువు."

ఆ మాటతో ఆమెకు అంతవరకూ ఉన్న తటపటాయింపు పోయింది. వేదిక మీద కాగితంలో లేని వాక్యం ఒకటి కలిపి చదివింది. "పుల్లయ్య గారు విశాఖపట్నంలో ఎమ్మెస్సీ జియాలజీ చదివి, క్లాసులో మొదటివారుగా నిలిచారు. ఆ తర్వాతే మన చేలు కొన్నారు."

విద్యార్థులు చప్పట్లు కొట్టారు. ముందు వరసల్లో కూర్చున్న ధరణి ఊరి రైతులు కొట్టలేదు. పుల్లయ్య లేచి, చదువు చాలా ముఖ్యమని రెండు ముక్కలు మాట్లాడి కారెక్కాడు.

మరుసటి వారం శేషమ్మా, ఊళ్లో మిగతా ఐదుగురూ కలిసి గురజాలలో వకీలు అబ్దుల్ హమీద్ దగ్గరికి వెళ్లారు. ఆయన కాగితాలన్నీ ఓపిగ్గా చూశాడు.

"చదువు రాదని ఆయన చెప్పినట్టు ఇందులో ఎక్కడన్నా రాసుందా?"

"లేదు బాబూ, నోటితోనే అన్నాడు."

"ధర మీరే ఒప్పుకున్నారు. కోర్టులో నిలబడదమ్మా."

జూన్‌లో ధరణికి కాలేజీ నుంచి పిలుపు రాలేదు. నరసరావుపేటలో ఇంకో కాలేజీ చూసుకుంది, జీతం కొంచెం తక్కువ. టీసీలు తీసుకున్న ముగ్గురిలో ఒకడు తిరిగొచ్చి చేరాడని తెలిసింది.

వానలు మొదలయ్యాక ఒక ఆదివారం, దుమ్ముపట్టిన చెప్పులతో ఒకతను ఇంటికొచ్చాడు. ఊరి చివర మిగిలిన ఎకరం అమ్ముతారా, గొర్రెల షెడ్డు వేసుకుంటానన్నాడు. శేషమ్మ కుర్చీ చూపించి మంచినీళ్లిచ్చింది.

"ఏం చదివావు నాయనా?"

"నాకేం చదువు పిన్నీ. ఏడో తరగతితో మానేశా."

శేషమ్మ అతన్ని పైనుంచి కింద దాకా చూసి, లోపలున్న కూతుర్ని పిలిచింది.

"ధరణీ, ఇట్టా రా. ఈ అబ్బాయి పేరూ ఊరూ రాసుకుని ఆ దీపికను ఒకసారి కనుక్కోమను."