అడ్డపైపు

బంగారుపాళ్యంలో ఎవరి బండి విరిగినా అది తన షాపుకు రాకపోతే హిదాయతుల్లాకు కోపం. వస్తే ఇంకా కోపం. హైవే పక్కన రేకుల కింద ఆయన వెల్డింగ్ షాపు. "ఏందప్పా, బండిని ఇట్లనా వాడేది? గాడిదైతే ఈపాటికి నిన్ను తన్ని పోయుండేది" అని ముందు నాలుగు తిట్టి, తరువాతే రాడ్డు చేతికి తీసుకుంటాడు. ఆ తిట్లకు సిద్ధపడే వస్తారు జనం. ఎందుకంటే ఆయన వేసిన అతుకు ఊడిందని ఆ చుట్టుపక్కల ఎవరూ విన్నది లేదు. మొన్నటి మామిడి సీజను దాకా అదే పేరు.

ఆ సీజనుకు ముందు వేసవిలో మామిడి తోట వరదయ్య కొడుకు హేమచంద్ర ఒక బగ్గీ తెచ్చాడు. మూతబడిన ఏదో రిసార్టు వాళ్ళ దగ్గర పాతది కొన్నాడు. లావుపాటి టైర్లు, పక్కపక్కనే రెండు సీట్లు, వెనక చిన్న తొట్టి, తలుపుల్లేవు, చుట్టూ పైపుల గూడు. వాళ్ళ తోట కొండ వాలులో ఉంది. పైభాగానికి ట్రాక్టరు ఎక్కదు. కాసిన బెంగుళూరా మామిడికాయంతా తండ్రి వరదయ్య, కూలివాళ్ళు తలమీద మోసుకుని దిగాల్సిందే. తండ్రి మెడ మీది బరువు దించాలని కొన్న బండి అది.

హిదాయతుల్లా దాని కింద పడుకుని చూసి తిట్ల దండకం మొదలుపెట్టాడు. చక్రాలను పట్టి ఉంచే ఇనుప చేతులు ఛాసీని, అంటే అడుగు చట్రాన్ని, కలిసే చోట్ల పగుళ్ళు, పైన గూడుకు వేసినవి కుర్చీలకు వేసే పైపులు. "ఇది బండి గాదురా, పంజరం. చిలకను పెట్టుకో" అన్నాడు. అన్నాడే గాని, ఆ బండిని తన సొంత బండి కన్నా జాగ్రత్తగా చేశాడు. పగుళ్ళు తెరిచి అతికి, ప్రతి మూలకూ పట్టీ వేశాడు. రాళ్ళు తగిలినా ఛాసీకి దెబ్బ రాకుండా అడుగున మందపాటి రేకు బిగించాడు. పైగూడు కోసి పారేసి, లావు పైపులు తెప్పించి, వంచేటప్పుడు నొక్కుకుపోకుండా వాటి నిండా ఎండు ఇసుక కూరి, కొలిమి మీద కాల్చి వంచాడు. అన్నాళ్ళూ హేమచంద్ర ఆయన పక్కనే కూర్చున్నాడు. సన్నటి మనిషి. పైపుల మధ్య ఏ సందు ఉంటే ఆ సందులోంచి లోపలికి దూరి సీట్లో కూర్చునేవాడు. దారి ఉండగా దారిన రావడం అతనికి చేతకాదు.

"మామా, ఇది బోల్తా పడినా ఏం కాదు గదా?" అని అడిగాడు ఒకరోజు.

"బోల్తా కొట్టించేదానికా కొన్నావు? బెల్టు పెట్టుకో, మెల్లగా పో. గూడు సంగతి నేను సూసుకుంటా."

గూడు సంగతి ఆయన చూసుకున్నాడు. జూన్‌లో వాన వెలిసిన ఒక మధ్యాహ్నం, కాయ దించేసి ఖాళీ బండితో మళ్ళీ కొండెక్కుతుంటే వంక నీళ్ళ దగ్గర చక్రం తడి రాయెక్కి జారింది. బగ్గీ పక్కకు ఒరిగింది. హేమచంద్ర బయటికి పడ్డాడు. బండి దొర్లి అతని మీద పడింది. కూలివాళ్ళు దాన్ని లేపేటప్పటికే ప్రాణం లేదు.

కర్మకాండలన్నీ అయిపోయాక వరదయ్య ఆ బగ్గీని ట్రాక్టరుకు కట్టి షాపు ముందుకు లాక్కొచ్చాడు. ఎప్పుడూ తోట కబుర్లు చెప్పే మనిషి, ఆరోజు ఒక్కటే మాట అన్నాడు. "గట్టిగా చెయ్ భాయ్."

అప్పటికే బజారులో మాట పాకింది. సాయిబు వేసిన వెల్డింగు ఊడి పిలగాడు పోయినాడంట అని. ఎదురుగా ఎవరూ అనలేదు. కాని టీ కొట్టు దగ్గర హిదాయతుల్లా నిలబడితే మాటలు ఆగిపోయేవి. మాటలు ఆగిపోవడం తిట్టుకన్నా చెడ్డది. తిడితే తిరిగి తిట్టవచ్చు.

వరదయ్య వెళ్ళగానే ఆయన షాపు రేకు సగం దించి బండి కడిగాడు. మొదట గూడు చూశాడు. గీతలున్నాయి, పై పైపుకు ఒకచోట చిన్న నొక్కు ఉంది, అంతే. తరువాత ఒక్కో అతుకూ పట్టుకున్నాడు. గుడ్డతో కిరసనాయిలు పూయడం, ఆరనిచ్చి తుడవడం, మీద సుద్దపొడి చల్లడం. పగులుంటే అందులో దాక్కున్న కిరసనాయిలు మెల్లగా పైకి వచ్చి తెల్ల సుద్ద మీద నల్లటి గీత పడుతుంది. కంటికి కనపడని వెంట్రుక పగులు కూడా అట్లా దొరికిపోతుంది. ఆయన ప్రతి అతుకు ముందూ కూర్చుని ఎదురుచూశాడు. ఎక్కడా గీత పడలేదు. సుద్ద తెల్లగానే ఉండిపోయింది.

"అల్‌హమ్దులిల్లా" అనుకున్నాడు గుండె నిండా. ఆ మాట నోట్లో ఉండగానే సీటు కిందికి చేయి పోయింది. బెల్టు కోసం. బెల్టు లేదు. సీటు మొదట్లో బెత్తెడు ముక్క మిగిలింది. తెగిపోయింది కాదు, పదునైన దేంతోనో నేరుగా కోసింది. రెండో సీటు చూశాడు. అక్కడా అంతే.

వరదయ్య తోటలో క్రేట్లను దేనితో కట్టి ఉంచుతారో ఆయనకు గుర్తొచ్చింది. సీజను మధ్యలో ఒకసారి కాయ తెచ్చుకోవడానికి పోయినప్పుడు చూశాడు. నల్లటి పట్టీలు, మంచి గట్టివి. ఏ లారీవో అనుకున్నాడు. పక్క సీటు మీద కూడా క్రేట్లు పెడతారు గదా, బెల్టు కొక్కెం గుచ్చుకుంటే కాయ నల్లబడుతుంది, నల్లబడిన కాయను గుజ్జు ఫ్యాక్టరీ వాళ్ళు ఏరి అవతల పారేస్తారు. బెల్టు అడ్డం. క్రేట్లు కట్టడానికి తాడు కావాలి. ఒక బెల్టు చాలదు, రెండూ కావాలి. తోటలో ఏదీ వృథా పోనివ్వని మనిషి ఒకడే. ఆయనే ఇందాక గట్టిగా చెయ్ అని చెప్పి పోయాడు.

హిదాయతుల్లాకు సుద్ద తెల్లగా ఉన్నందుకు తాను సంతోషపడ్డానే అని సిగ్గేసింది. ఇంట్లో భార్య ఉమ్మే సల్మాకు తప్ప బెల్టుల సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఆ తరువాత ప్రతి శుక్రవారం, నమాజు నుంచి ఆయన తిరిగి వచ్చేసరికి వరదయ్య షాపు ముందు స్టూలు మీద కూర్చుని ఉండేవాడు. వెనక ఇంకో పైపు వెయ్యమనేవాడు. వేస్తే, మరుసటి వారం ముందు వైపు చూపించేవాడు. సీటు వెనక ఒకటి, మోకాళ్ళ దగ్గర ఒకటి, కప్పు మీద ఏటవాలుగా రెండు. మూల పట్టీ మీద మూల పట్టీ. బరువుకు టైర్లు నేలకు అణిగిపోయాయి.

"ఇంగ ఇంజను ఈడ్సలేదన్నా, వట్టి ఇనుమైపోయింది."

"ఈడ్సకపోతే పోనీలే భాయ్. నువ్వెయ్."

పని జరుగుతున్నంతసేపూ మాట్లాడేవాడు. కొడుకు చిన్నప్పుడు సీమచింత చెట్టెక్కి దిగలేక ఏడ్చింది, చిత్తూరులో చదివేటప్పుడు బస్సు తప్పిపోయి నడిచొచ్చింది. ఇంట్లో మాత్రం మాట లేదట. ఆ సంగతి ఆయన భార్య ఆదిలక్ష్మమ్మ వచ్చి చెప్పింది. ఒకరోజు పొద్దున్నే బస్సు దిగి, షాపులోకి రాకుండా గుమ్మం దగ్గరే నిలబడింది, బగ్గీ వైపు వీపు పెట్టి.

"హిదాయతూ, మీ అన్న అన్నం ముట్టటం ల్యా. తోటకు పోతాడు, సెట్ల కింద కూసోనుంటాడు. యాడ ఊడిందో, ఎందుకూడిందో అని వొగటే గొణుగుడు. నీ పని ఊడిందని నేననటం ల్యా నాయనా. బజార్లో వాళ్ళ మాట నేను నమ్మలా. కానీ ఏదో వొగటి సెప్పు ఆయనకు. ఇదీ కారణం అని తెలిస్తే మనిషి రవంత నెమ్మదిస్తాడేమో."

"సెప్తా లేమ్మా" అన్నాడు హిదాయతుల్లా. అనేశాక ఏం చెప్పాలో తెలియలేదు. ఆమెకు బెల్టుల సంగతి తెలియదని ఆమె ముఖం చూస్తేనే తెలుస్తోంది.

ఆ రోజు భోజనం దగ్గర ఉమ్మే సల్మా ఉర్దూలో నిలదీసింది. "ఏం చెబుతావు? నీ కొడుకును నువ్వే చంపుకున్నావని చెబుతావా?"

"ఛాసీ మూల అతుకు సరిగ్గా పడలేదు, తప్పు నాదే అని చెబుతా."

ఆమె వడ్డిస్తున్న గరిటె ఆగిపోయింది. "నీ పేరు ఏమవుతుంది? ఇప్పటికే బజారంతా అంటోంది. నీ నోటితో నువ్వే ఒప్పుకుంటే ఇంక ఎవరొస్తారు నీ దగ్గరికి?"

"రాకపోతే తిట్టే పని తప్పుతుంది" అని ఆయన నవ్వబోయాడు. నవ్వు రాలేదు. "సల్మా, నేను ఇంకో బండికి మంచి అతుకు వేసి నా పేరు తెచ్చుకోగలను. వరదయ్యన్న తన కొడుకును దేంతో తెచ్చుకుంటాడు?"

ఆమె కంచంలో ఇంకో గరిటె అన్నం పెట్టింది, ఆయన వద్దంటున్నా.

శుక్రవారం వచ్చింది. వరదయ్య స్టూలు మీద ఉన్నాడు. గడ్డం మాసి, చొక్కా వదులై, మనిషి సగమయ్యాడు. హిదాయతుల్లా టోపీ తీసి జేబులో పెట్టుకుని, టీ తెప్పించి, ఆయన తాగేదాకా ఆగాడు. తరువాత బండి దగ్గరికి పిలిచి, వంగి, ముందు చక్రం పైన ఉన్న మూల చూపించాడు.

"అన్నా, ఈడ సూడు. ఈ అతుకే. ఇనుము సరిగ్గా కరగలా. అందుకే బండి పక్కకు లాగేసింది. తప్పు నాదన్నా. నువ్వు నన్నేమన్నా పడతా."

వరదయ్య వంగి ఆ అతుకును చూశాడు. వేలితో తడిమాడు. అతుకు నిండుగా, నున్నగా, ఎక్కడా చెక్కుచెదరకుండా ఉంది. ఆయన లేచి నిలబడి హిదాయతుల్లా ముఖంలోకి చూశాడు.

"భాయ్, తిట్టేదానికి పనికొస్తావు గానీ నువ్వు అబద్దానికి పనికిరావు."

"అబద్దం గాదన్నా..."

"నీ పని ఊడలా. నేను ఆపొద్దే సూసినా. బండి లేపినప్పుడు గూడు గూడుగానే ఉండాది. లోపల ఉండుంటే నా బిడ్డ బట్టలు దులుపుకోని లేసొచ్చేవాడు." ఆయన వంగి సీటు మొదట్లో మిగిలిన ముక్క పట్టుకున్నాడు.  "ఆ బెల్టులు కోసింది నేనే. వాడు వద్దనే అన్నాడు. నాయనా, హిదాయతు మామ తిడతాడు అన్నాడు. ఈ వారం గడిస్తే కొత్తవి ఏపిస్తాలేరా అన్నా. కొడవలి తీసుకోని టకటకా కోసేసినా. ఇప్పటికీ ఆ క్రేట్లకే ఉండాయి. యెంత గట్టివో సూడు, వొగ క్రేటు గూడా కిందపడలా."

 హైవే మీద లారీలు పోతున్నాయి. ఇంట్లో యాడ ఊడిందో అని ఈయన గొణుక్కునేది ఇనుము గురించి కాదని, కోసిన బెల్టుల గురించేనని అప్పుడు హిదాయతుల్లాకు అర్థమైంది. కొన్ని వారాలుగా ఒకరికి తెలియకూడదని ఇంకొకరు దాచిపెట్టుకున్నది ఇద్దరి దగ్గరా ఒకటేనని కూడా అర్థమైంది. ఆయన చేయి చాచి వరదయ్య భుజం పట్టుకున్నాడు. ఎముక తగిలింది.

"తెలిసుండి గూడా ఈ పైపులన్నీ ఎందుకన్నా మరి? ఎవురికోసం?"

వరదయ్య గోడకు ఆనించిన పైపుల దగ్గరికి వెళ్ళి ఒకటి తీసుకొచ్చాడు. బండి పక్కన నిలబడి, తలుపు లేని ఆ ఖాళీకి, డ్రైవరు ఎక్కే చోట, దాన్ని అడ్డంగా పట్టుకున్నాడు.

"ఈడొగటి ఎయ్."

"ఈడ ఏస్తే మనిషి ఎక్కేదెట్లన్నా?"

"ఎక్కకూడదు."

 వరదయ్య పైపు దించలేదు. దాన్ని సమంగా పట్టుకోవడానికే చూస్తున్నాడు.

"ఆపొద్దు గూడా నేను నిద్ర లేసేలోపలే వచ్చి బండెక్కి కూసున్నాడు భాయ్. ఎప్పుడూ అంతే. సెప్పినా ఇనడు. ఈ పక్కా, ఆ పక్కా, రెండూ మూసెయ్."

అది వద్దన్నా, అట్లా మాట్లాడవద్దన్నా అనడానికి హిదాయతుల్లా నోరు తెరిచాడు. ఆ ముఖం చూసి మూసుకున్నాడు. రాడ్డు బిగించి, నల్లద్దం ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. దాని వెనక ఆయన కళ్ళు ఏమయ్యాయో ఎవరికీ కనపడదు. "కండ్లు మూసుకోన్నా, ఎలుగు పడుతుంది" అన్నాడు. వరదయ్య కళ్ళు మూసుకుని ముఖం పక్కకు తిప్పాడు, పైపు మాత్రం వదల్లేదు.

ఒక పక్క అయింది. రెండో పక్క కూడా అయింది. హిదాయతుల్లా అద్దం తీసి చెమట తుడుచుకునేసరికి వరదయ్య బండి చుట్టూ తిరుగుతూ, ప్రతి రెండు పైపుల మధ్యా చేయి పెట్టి కొలుస్తున్నాడు. సీటు పక్కన ఒకచోట ఆయన చేయి మోచేతి దాకా లోపలికి పోయింది. దాన్ని వెనక్కి తీసుకోకుండా అట్లాగే నిలబడి అన్నాడు.

"ఈడ రవంత సందుండాది భాయ్. ఉంచబాక. సన్నటి పిలగాడు, దూరిపోతాడు."